సంపెంగ చేతిలో పట్టుకుని పూలమొక్కల శిలాజాలు చదవడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, వైజాగ్ కొండల్లో మొక్కల శిలాజాల కోసం వెతక్కండి, దొరకవు. కైలాసగిరి ఎక్కినా, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేసినా మన కాళ్ల కింద ఉండేది ఖోండలైటు, చార్నకైటు. భూమి లోపల వేడికీ ఒత్తిడికీ ఉడికి, రూపం మారిపోయి, మళ్లీ గట్టిపడ్డ రాళ్లవి. అంత ఉడికాక ఆకు అచ్చు ఎక్కడ మిగులుతుంది? భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి కదా అంటారేమో, మనం మాట్లాడుకోబోయే కాలంతో పోలిస్తే అవి నిన్నగాక మొన్న పోగైన ఇసుక, పైగా అది జియో హెరిటేజ్ సైటు, అక్కడ పార పట్టుకుంటే తప్పు.

మరి గైడ్ ఎందుకంటే, పూలమొక్కలు ఎలా పుట్టాయో చెప్పే శిలాజాల ఫొటోలు, వార్తలు ఇప్పుడు ఫోన్లో ఎవరికైనా దొరుకుతున్నాయి, వాటిలో ఏం చూడాలో తెలియక అందరం 'అబ్బ, ఎంత పాత పువ్వో' అని ముందుకు జరిపేస్తున్నాం. చూసే కన్ను నాకు వచ్చింది రాళ్ల దగ్గర కన్నా పూర్ణామార్కెట్ పూల దుకాణాల దగ్గరే. అదెలాగో చెప్తాను.

నా మొదటి 'శిలాజం' సంగతి చెప్పకుండా మొదలుపెడితే మోసం చేసినట్టే. ఇంట్లో గచ్చు కోసం తెప్పించిన నాపరాళ్లలో ఒకదాని మీద నల్లగా, ఫెర్న్ ఆకులా, పాయలు పాయలుగా విచ్చుకున్న గుర్తు కనిపించింది. మేస్త్రీని ఆపి, ఆ బండ పక్కన పెట్టించి, తువ్వాల్లో చుట్టి స్కూటర్ మీద ముందు పెట్టుకుని జియాలజీ చదివిన ఫ్రెండ్ దగ్గరికి మోసుకెళ్లాను. వాడు లెన్స్ పెట్టి రెండు నిమిషాలు చూసి, "ఒరేయ్, ఇది మాంగనీసు. నీళ్లతో పాటు పగుల్లోకి దిగి ఇలా చెట్టులా పేరుకుంటుంది. అయినా ఈ రాయి తయారైనప్పుడు నేల మీద మొక్కే లేదురా" అన్నాడు. దీన్ని డెండ్రైట్ అంటారు. ఇప్పటికీ నాకు నెలకొకరు ఇలాంటి ఫొటో పంపిస్తూనే ఉంటారు. తేడా పట్టుకోవడం తేలికే, ఆకుకి అంచు ఉంటుంది, మధ్యలో ఈనె ఉంటుంది, ఈనె మొదట్లో లావుగా ఉండి చివరికి సన్నబడుతుంది. డెండ్రైట్‌కి అంచు ఉండదు, పగులు ఎటు పోతే అటు పాకుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి ఎక్కువేం లేవు. 10ఎక్స్ చేతి లెన్స్ ఒకటి, షేవింగ్ బ్లేడు, తెల్ల కాగితం, రంగులేని నెయిల్ పాలిష్, సెల్లోటేప్. పుప్పొడి కోసం ఫోల్డ్‌స్కోప్ ఉంటే చాలు, కాగితం మడిచి చేసే మైక్రోస్కోపు అది, స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసింది, సుమారు 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో 400ఎక్స్ మైక్రోస్కోపు దొరికితే ఇంకేం.

సంపెంగని కోయండి

సింహాచలం సంపెంగలకి పేరు పెట్టక్కర్లేదు కదా, కొండ కింద అమ్మేవాళ్ల దగ్గర నాలుగు తీసుకోండి. జడలో పెట్టుకోడానికి కాదు కాబట్టి పూర్తిగా విచ్చినవే అడగండి. నేను అలా అడిగితే అమ్మే ఆవిడ "అవి రాలిపోతాయి బాబూ, మొగ్గలు తీసుకో" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. రాలిపోవడమే మనకి కావాల్సింది.

రేకుల్ని ఒక్కొక్కటే పీకి కాగితం మీద వరసగా పెట్టండి. నేను లెక్కపెట్టిన వాటిలో 12 నుంచి 15 దాకా వచ్చాయి. వాటిలో ఏది రక్షక పత్రం, ఏది ఆకర్షక పత్రం అని విడదీయలేరు, అన్నీ ఒకే పసుపు, ఒకే తీరు. మందారానికైతే కింద ఆకుపచ్చ గిన్నె, పైన ఎర్ర రేకులు స్పష్టంగా వేరు. తర్వాత కేసరాలు, బోలెడన్ని, దారాల్లా కాకుండా చపటగా పట్టీల్లా ఉంటాయి. అవీ పీకేయండి. ఇప్పుడు చేతిలో మిగిలేది ఒక సన్న కాడ, దాని చివర చిన్న ఆకుపచ్చ కంకి. లెన్స్ పెట్టి కాడ కింది భాగం చూడండి, మీరు పీకిన ప్రతి రేకూ ప్రతి కేసరం ఒక చిన్న మచ్చ వదిలి ఉంటుంది, ఆ మచ్చలు స్క్రూ మరలా చుట్టూ తిరుగుతూ పైకి పోతాయి.

ఇదే శిలాజం చదవడంలో మొదటి పాఠం. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో దొరికిన ఆర్కియాంథస్ అనే శిలాజం వయసు సుమారు 10 కోట్ల సంవత్సరాలు. 1984లో డేవిడ్ డిల్చర్, పీటర్ క్రేన్ దాన్ని వివరించినప్పుడు వాళ్లకి కనిపించింది ముఖ్యంగా కాయలు పట్టిన పొడుగాటి కాడ, వందకి పైగా చిన్న కాయలు దాని చుట్టూ. రేకులు దానికి అతుక్కుని లేవు, కానీ మచ్చలు ఉన్నాయి. ఆ మచ్చల లెక్క, వరస చూసి, పక్కన విడిగా దొరికిన రేకుల్ని, ఆకుల్ని జతచేసి మొత్తం పువ్వుని మళ్లీ కట్టారు. అది అచ్చంగా మన సంపెంగ చుట్టం, మాగ్నోలియా వంశం.

ఇప్పుడు ఆ ఆకుపచ్చ కంకిని బ్లేడుతో నిలువుగా చీల్చండి. ఒక్కో గింజంత భాగం లోపల చిన్న గది, గదిలో తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలే అండాలు, రేపటి విత్తనాలు. గది ఉంది, గది మూసి ఉంది. పూలమొక్క అంటే ఇదే. రేకులు, రంగు, వాసన ఇవన్నీ తర్వాతి సంగతులు. బడిలో ఆవృత బీజాలు, వివృత బీజాలు అని బట్టీ పట్టాం కదా, ఆవృతం అంటే కప్పబడినది, మీ బ్లేడు ఇందాక చీల్చింది ఆ కప్పునే. పోలిక కోసం ఎవరింటి ముందైనా కుండీలో ఆడ సైకస్ మొక్క కాపు మీద ఉంటే వెళ్లి చూడండి, దాని నారింజ రంగు గింజలు ఉన్ని పట్టిన ఆకుల అంచున బట్టల్లేకుండా కూర్చుని ఉంటాయి.

గింజ మూసి ఉందా, నిజంగానా?

శిలాజం ఫొటో కనిపించగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది, ఇక్కడే పెద్దపెద్దవాళ్లు కూడా తడబడ్డారు. 1925లో హామ్‌షా థామస్ ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ జురాసిక్ రాళ్లలో (సుమారు 20 నుంచి 14.5 కోట్ల ఏళ్ల కిందటివి) దొరికిన కేటోనియా గింజలు చిన్న సంచుల్లో మూసి ఉన్నాయని చూసి, ఇదిగో తొలినాటి పూలమొక్క అన్నాడు. తర్వాత టామ్ హారిస్ ఆ సంచుల లోపలికి తొంగి చూస్తే పుప్పొడి రేణువులు ఏకంగా అండాల మూతి దాకా వెళ్లి ఉన్నాయి. అసలైన పూలమొక్కలో పుప్పొడి బయట కీలాగ్రం మీదే ఆగిపోవాలి, లోపలికి గొట్టం ఒక్కటే పోవాలి. అంటే కేటోనియా తలుపు మూసినట్టే ఉంది కానీ గడియ పడలేదు. పూలమొక్క కాదు. రేణువు ఎక్కడ ఆగింది అన్న ఒక్క విషయం మీద మొత్తం తీర్పు మారిపోయింది, నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన కథ ఇదే.

2018లో చైనాలోని నాన్‌జింగ్ దగ్గర 17.4 కోట్ల సంవత్సరాల నాటి పువ్వు అంటూ నాన్‌జింగాంథస్ వార్త వచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగింది. ఫొటోలో నిజంగానే రేకుల్లాంటివి కనిపిస్తాయి. వర్ణించినవాళ్లు అండాలు మూసి ఉన్నాయన్నారు, చాలామంది ఇతర శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు, ఇది పైన్ లాంటి కోనిఫర్ చెట్టుది, నలిగిపోయిన శంకు కావచ్చన్నారు. నా ఓటు రెండో పక్షానికే. రేకుల్లాంటివి చూసి పువ్వు అనడం, డెండ్రైట్ చూసి ఫెర్న్ అన్న నా తప్పు లాంటిదే.

అందరూ పూలమొక్కే అని ఒప్పుకున్నదాన్ని చూడాలంటే ఆర్కిఫ్రక్టస్‌ని చూడండి. చైనా ఈశాన్యంలో లియావోనింగ్‌లో దొరికింది, 1998లో సున్ గే, డిల్చర్ బృందం ప్రకటించింది. ఫొటో చూస్తే నిరుత్సాహపడతారు, సన్నని కాడ, కాడ పొడుగునా చిక్కుడు పిందెల్లాంటివి, అడుగున కేసరాలు, అంతే. రేకులు లేనే లేవు. కానీ ఆ పిందెల్లో గింజలు మూసి ఉన్నాయి, కాబట్టి పూలమొక్కే. ఆకులు సన్నగా చీలి ఉన్నాయి, నీళ్లలో బతికిన మొక్క. స్పెయిన్‌లో దొరికిన మాంట్‌సెకియా కూడా అలాంటిదే. వందేళ్లకు పైగా దాన్ని ఏవేవో అనుకున్నాక 2015లో అది నీళ్లలోనే పరాగ సంపర్కం జరుపుకున్న పూలమొక్క అని తేల్చారు. దాని ఇప్పటి చుట్టాన్ని చూడాలంటే అక్వేరియం షాపుకి వెళ్లి హార్న్‌వర్ట్ ఇమ్మనండి, చేపల తొట్టిలో వేసే ఆ పచ్చటి కుచ్చు. దానికీ పువ్వు ఉంటుంది, కానీ పువ్వంటే ఎవరూ నమ్మరు.

కంటికి కనబడని సాక్షి: పుప్పొడి

పువ్వు రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. పుప్పొడి రేణువు గోడ మాత్రం మొండిది, స్పోరోపొల్లెనిన్ అనే పదార్థంతో కట్టింది, రాయిని ఆమ్లంలో కరిగించినా అది మిగులుతుంది. పైగా ఒక్కో మొక్క లక్షల్లో గాలికి వదులుతుంది. కాబట్టి పూలమొక్కలు ఎప్పుడొచ్చాయి అన్న ప్రశ్నకి అందరూ ఒప్పుకునే అతి పాత జవాబు పుప్పొడి నుంచే వచ్చింది, సుమారు 13.5 నుంచి 13 కోట్ల సంవత్సరాల కిందటి రేణువులు, ఇజ్రాయెల్, ఇంగ్లండ్ లాంటి చోట్ల దొరికినవి. అప్పటికి ఆకు గుర్తులు, పువ్వు గుర్తులు ఇంకా సరిగ్గా లేవు.

చూసేది గాడి. రేణువు మొలకెత్తి గొట్టం బయటికి రావడానికి గోడలో ఒక పల్చటి చోటు ఉంటుంది. సంపెంగ రేణువుకి పొడుగ్గా ఒక్కటే గాడి, గోధుమ గింజ మీద గీత లాగ. కొబ్బరి పుప్పొడికీ ఒక్కటే. ఆవపువ్వు రేణువుకి మూడు. మందారం రేణువైతే చూసి తీరాలి, ఒళ్లంతా ముళ్లు, ఒళ్లంతా రంధ్రాలు, పైగా పెద్దది, మొదటిసారి చూసేవాళ్లు దానితోనే మొదలుపెట్టండి, ఫోల్డ్‌స్కోప్‌లో సులువుగా దొరుకుతుంది. ఆవపువ్వు గాళ్లు మాత్రం ఫోకస్‌ని మెల్లిగా పైకీ కిందికీ కదుపుతూ చూస్తే గానీ తెలియవు. ఒక చిట్కా, ముందు పొడిగా చూడండి, తర్వాత ఒక్క చుక్క నీళ్లు వేసి చూడండి. పొడిగా ఉన్నప్పుడు గాడి ముడుచుకుని గీతలా ఉంటుంది, నీళ్లు తగలగానే రేణువు ఉబ్బి గాడి తెరుచుకుంటుంది. ఈ మార్పు కళ్లముందే జరుగుతుంటే మా అమ్మాయి టిఫిన్ కూడా మర్చిపోయింది.

గాళ్ల లెక్క ఎందుకంటే, ఇప్పుడున్న పూలమొక్కల జాతుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు మూడు గాళ్ల వంశానివే, వేప, మామిడి, గులాబి, మల్లె, వంకాయ అన్నీ. రాళ్లలో ఈ మూడు గాళ్ల రేణువు మొదటిసారి కనిపించేది సుమారు 12.5 కోట్ల సంవత్సరాల కిందట. అంతకు కిందున్న పొరల్లో వెతికినా దొరకదు, పై పొరల్లోకి వచ్చేకొద్దీ పెరుగుతూ పోతుంది. అంటే ఆ వంశం పుట్టిన కాలానికి అదొక తేదీ ముద్ర లాంటిది. ఒంటి గాడి మాత్రం ఒంటరిగా ఏమీ రుజువు చేయదు, సైకస్‌కీ ఒక్కటే గాడి ఉంటుంది, అక్కడ గోడ లోపలి నిర్మాణం, చిన్నచిన్న స్తంభాల వరస ఉందా లేదా అని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి తేల్చుకోవాలి. అది మన వంటింట్లో అయ్యే పని కాదు.

ఇప్పుడొక సరదా పరీక్ష. శ్రావణ శుక్రవారాలకి మార్కెట్‌లో తామరలు వస్తాయి, చెరువు దగ్గర తెలిసినవాళ్లుంటే కలువలు తెప్పించుకోండి. రెండూ నీళ్లలోవే, రెండిటికీ గుండ్రటి ఆకులే, మన కవులు కూడా ఒకటి పగలు విచ్చుకుంటుందనీ ఇంకొకటి రాత్రి విచ్చుకుంటుందనీ జంటగానే చెప్తారు. అక్కాచెల్లెళ్లే అనిపిస్తాయి. రెండిటి పుప్పొడీ చూడండి. తామరకి మూడు గాళ్లు. కలువకి ఒకటే, అదీ ఉంగరంలా చుట్టూ తిరిగింది. కలువ వంశం పూలమొక్కల చెట్టులో అడుగున విడిపోయిన కొమ్మల్లో ఒకటి, దానికన్నా ముందు విడిపోయింది న్యూ కలెడోనియా దీవిలో పెరిగే ఆంబొరెల్లా అనే పొద. తామర ఎక్కడో పైన, మూడు గాళ్ల కొమ్మ మీద ఉంటుంది. తామరకి దగ్గరి చుట్టం ఎవరో ఊహించండి, అరకు కాఫీ తోటల్లో నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్! నీళ్లలో పువ్వుకీ కొండ మీద చెట్టుకీ చుట్టరికం ఏంటని నేనూ నమ్మలేదు, డీఎన్ఏ చెప్పింది. అమెరికాలో వాషింగ్టన్ చుట్టుపక్కల పొటోమాక్ రాళ్లలో 10 కోట్ల ఏళ్లు దాటిన తామరాకు లాంటి ఆకులు, వాటికి నెలుంబైటిస్ అని పేరు, దొరికాయి కాబట్టి ఆ వంశం అంత పాతదని కూడా తెలుసు.

ఆకు ఈనెల్ని లెక్కపెట్టడం

పువ్వు శిలాజం దొరకడం అదృష్టం, ఆకు శిలాజం దొరకడం మామూలే. అందుకే ఆకు చదవడం రావాలి. చిన్నప్పుడు రావి ఆకుని నీళ్లలో నానబెట్టి జాలీ చేసి పుస్తకంలో దాచుకోని వాళ్లుంటారా? అదే చేయండి. మూడు నాలుగు వారాలు నానబెట్టి, కుళ్లిన పచ్చని భాగాన్ని పాత టూత్‌బ్రష్‌తో తట్టినట్టుగా తీసేస్తే వల మిగులుతుంది (ఆ నీళ్ల కంపు భరించలేరు, బాల్కనీలో పెట్టండి). లెన్స్‌తో చూస్తే పెద్ద ఈనె, దాని నుంచి చిన్నవి, వాటి మధ్య ఇంకా చిన్నవి, చివరికి గళ్లు గళ్లుగా మూసుకుపోయిన వల. ఇన్ని అంతస్తుల వల పూలమొక్కల ముద్ర. పక్కనే ఏదైనా ఫెర్న్ ఆకు పెట్టి చూడండి, ఈనెలు దూరం దూరంగా ఉంటాయి.

ఈ దూరాన్ని కెవిన్ బాయ్స్, టిమ్ బ్రాడ్రిబ్ వంటివాళ్లు కొలిచారు. పూలు లేని మొక్కల్లో చదరపు మిల్లీమీటరుకి ఈనెల పొడవు సగటున 2 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, కోట్ల సంవత్సరాల శిలాజాల్లోనూ అంతే, మారలేదు. పూలమొక్కల్లో సగటు 8 దాకా వెళ్లింది. ఈనె అంటే నీళ్ల పైపు కదా, పైపులు దగ్గరైతే ఆకు ప్రతి మూలకీ నీళ్లు అందుతాయి, పత్రరంధ్రాలు భయం లేకుండా తెరుచుకోవచ్చు, వంట వేగంగా జరుగుతుంది, మొక్క వేగంగా పెరుగుతుంది. పూలమొక్కలు మిగతావాటిని తోసేసి ముందుకు రావడానికి రంగుల పువ్వులతో పాటు ఈ ప్లంబింగ్ కూడా కారణమని శిలాజాలు చెప్తున్నాయి, ఈ మాట పువ్వుల మీద మోజున్న వాళ్లెవరూ చెప్పరు.

పొటోమాక్ ఆకుల్నే లియో హికీ, జేమ్స్ డాయిల్ 1977లో పొరల వారీగా పేర్చి చూపించారు. కింది పొరల్లో ఆకుల ఈనెలు తాగినవాడు గీసినట్టు వంకరటింకరగా, కాడ ఎక్కడ ఆగి ఆకు ఎక్కడ మొదలైందో తెలియనట్టుగా ఉన్నాయి. పైకి వచ్చేకొద్దీ వరసలు తీరాయి, ఆకారాల్లో వైవిధ్యం వచ్చింది, పుప్పొడిలో కూడా అదే క్రమంలో మార్పు కనిపించింది. 1879 జులైలో చార్లెస్ డార్విన్ తన మిత్రుడు జోసెఫ్ హుకర్‌కి రాసిన ఉత్తరంలో ఉన్నత శ్రేణి మొక్కలు, అంటే పూలమొక్కలు, ఇంత హఠాత్తుగా ఎలా ఊడిపడ్డాయో అదొక దరిద్రపు చిక్కుముడి అన్న అర్థం వచ్చేలా మొత్తుకున్నాడు. హఠాత్తుగా ఊడిపడలేదు, మెట్లున్నాయి అని చూపించిన పనుల్లో ఇది ముఖ్యమైనది.

అయితే ఆకు మోసం చేస్తుంది. రుషికొండ నుంచి భీమిలి దాకా ఉన్న సరుగుడు చెట్లనే తీసుకోండి, 2014 హుద్‌హుద్‌కి ఎన్ని పోయినా ఇంకా ఉన్నాయి. చూస్తే పైన్ చెట్టే, సూదులే, కింద రాలేవి బుల్లి శంకులే. ఆ సూదిని చిటికెన వేలంత ముక్క తీసుకుని కణుపు దగ్గర లాగండి, టక్‌మని ఊడుతుంది, కణుపు చుట్టూ పళ్లలాంటి చిన్న పొలుసులు కనిపిస్తాయి. అవే ఆకులు. మనం ఆకు అనుకున్నది కొమ్మ. పుప్పొడికి మూడు రంధ్రాలు. నికార్సయిన పూలమొక్క. మరోవైపు తూర్పు కనుమల్లో పెరిగే నీటమ్ అనే తీగ ఆకు పట్టుకుంటే ఏ మామిడాకు తమ్ముడో అనుకుంటారు, వల ఈనెలు కూడా ఉంటాయి, కానీ అది వివృత బీజం. ఇవి రెండూ శిలాజాలుగా, ఒట్టి ముక్కలుగా దొరికుంటే మీరు, నేను ఇద్దరం తప్పే చెప్పేవాళ్లం.

అలాంటప్పుడు నెయిల్ పాలిష్. ఆకు అడుగున పల్చగా పూసి, ఆరాక టేప్ అంటించి లాగితే పై పొర అచ్చు వస్తుంది, ఫోల్డ్‌స్కోప్‌లో పత్రరంధ్రాలు, వాటి చుట్టూ కణాల అమరిక కనిపిస్తాయి. శిలాజ ఆకుల మైనపు పొరని కూడా ఇలాగే చూస్తారు. బెన్నెటైటేల్స్ అనే అంతరించిపోయిన గుంపు ఆకులు సైకస్ ఆకుల్లాగే ఉంటాయి, వాటిని విడదీసేది ఈ రంధ్రాల అమరికే.

వేపపువ్వుని బొగ్గు చేయండి

ఇది నా సొంత పిచ్చి, నచ్చకపోతే వదిలేయండి. ఎల్సె మేరీ ఫ్రీస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త, సహచరులు 1980ల నుంచి స్వీడన్‌లో, తర్వాత పోర్చుగల్‌లో మెత్తటి బంకమట్టిని నీళ్లలో కరిగించి జల్లెడ పట్టడం మొదలుపెట్టారు. జల్లెడలో మిగిలిన నల్లటి నలుసుల్ని మైక్రోస్కోపు కింద పెడితే అవి పూలు! ఆనాటి కార్చిచ్చుల్లో కాలి బొగ్గయిపోయి, నలగకుండా, రేకులు కేసరాలతో సహా గుండ్రంగా నిలిచిన పూలు. చాలావాటి సైజు ఒకటి రెండు మిల్లీమీటర్లే. పోర్చుగల్ నలుసుల్లో కలువ వంశం పువ్వు కూడా ఉంది, దాన్ని 2001లో ప్రకటించారు. అంతకుముందు తొలి పువ్వు అంటే సంపెంగలా పెద్దదై ఉంటుందని చాలామంది అనుకునేవారు. జల్లెడ ఆ ఊహని మార్చేసింది, తొలినాటి పూలు ఎక్కువగా బుల్లివి. సంపెంగ మనకి తాత కాదు, పాత అలవాట్లు కొన్ని వదలని పెద్దమ్మ లాంటిది.

ఉగాది పచ్చడికి తెచ్చిన వేపపువ్వు కొంచెం పక్కకి తీసి, అల్యూమినియం ఫాయిల్‌లో గాలి దూరకుండా రెండు మడతలు చుట్టి, పాత మూకుడులో ఇసుక పోసి దాంట్లో పాతిపెట్టి, కిటికీలు తెరిచి, పెద్ద మంట మీద అరగంట ఉంచండి. పూర్తిగా చల్లారాకే విప్పండి, వేడి మీద గాలి తగిలితే బూడిదైపోతుంది. నావి పదింటిలో నాలుగు ముట్టుకోగానే పొడైపోయాయి. మిగతా ఆరూ సైజు తగ్గి, నల్లగా మెరుస్తూ, ఐదు రేకులు, మధ్యలో కేసరాలన్నీ కలిసిన గొట్టం అలాగే నిలిచాయి. అందుకే బొగ్గు పువ్వు సైజు చదివేటప్పుడు అసలు పువ్వు అంతకన్నా కొంత పెద్దదై ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లోవాళ్లు ఆ వాసన గురించి ఏమన్నారో రాయను.

వయసు చెప్పిన తీరు చూడండి

'ప్రపంచంలో మొదటి పువ్వు' అన్న హెడ్డింగ్ కనిపిస్తే వయసు ఎలా తేల్చారో వెతకండి. ఆర్కిఫ్రక్టస్‌ని మొదట జురాసిక్ అన్నారు, తర్వాత ఆ పొరల్లోని అగ్నిపర్వత బూడిద వయసు కొలిస్తే సుమారు 12.5 కోట్లే, అంటే జురాసిక్ తర్వాత వచ్చిన క్రెటేషియస్ కాలం అని తేలింది. పక్క పొరల పోలికతో చెప్పిన వయసుకన్నా బూడిద నుంచి కొలిచిన వయసుకి విలువ ఎక్కువ. డీఎన్ఏ లెక్కలు మాత్రం పూలమొక్కలు జురాసిక్‌లోనో, ఇంకా ముందో పుట్టాయంటాయి, శిలాజాలు 13.5 కోట్ల దగ్గర ఆగిపోతాయి. ఈ ఖాళీ ఇంకా పూడలేదు. వంశం విడిపోయిన రోజుకీ, రాళ్లలో కనిపించేంతగా పెరిగిన రోజుకీ మధ్య తేడా ఉండటం సహజమే కానీ, తేడా ఇన్ని కోట్ల ఏళ్లా అన్నదే గొడవ.

మన దగ్గర ఏముంది

వైజాగ్ వదిలి దక్షిణానికి వెళ్తే పరిస్థితి మారుతుంది. ఏలూరు పక్కన రాఘవాపురం, గొల్లపల్లి పేర్లతో పిలిచే రాళ్లలో, ఒంగోలు వైపు వేమవరం, బుడవాడ రాళ్లలో తొలి క్రెటేషియస్ ఆకులు ఉన్నాయి, 1870ల్లోనే ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ వాటిని వర్ణించాడు. టిలోఫిల్లమ్ అనే బెన్నెటైటేల్స్ ఆకులు, కోనిఫర్లు, ఫెర్న్‌లు. పూలమొక్కలు రంగం మీదకి వస్తున్న కాలంలో మన తీరం అడవి ఇంకా పాతవాళ్లదే అన్నమాట. రాజమండ్రి దగ్గర కాతేరు వైపు దక్కన్ లావా పొరల మధ్య చిక్కుకున్న సున్నపు రాళ్లలో శిలాజ నాచులు దొరికాయి. అదే లావా కాలంలో, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లా మోహగావ్ కలాన్‌లో పూలు, కాయలు, తాటిజాతి మానులు రాయిగా మారి దొరుకుతాయి. ఏలూరు రాళ్లకీ, మోహగావ్‌కీ మధ్య దేశం అడవి మొత్తం చేతులు మారింది.

మహారాష్ట్రలోని పిస్దూరాలో డైనోసార్ పేడ శిలాజాల్లో గడ్డి ఆనవాళ్లు దొరికాయని 2005లో వందనా ప్రసాద్, కరోలిన్ స్ట్రామ్‌బర్గ్, అశోక్ సాహ్ని బృందం ప్రకటించింది. గడ్డి కణాల్లో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, వరి ఆకు చెయ్యి కోసేది అందుకే, ఆ సిలికా ముక్కల ఆకారం చూసి వరికి, వెదురుకి దగ్గరి గడ్లు అప్పుడే ఉన్నాయని చెప్పారు. డైనోసార్ల కాలంలో గడ్డి లేదన్న పాత మాట అక్కడితో పోయింది.

వీటిని చేతికి దగ్గరగా చూడాలంటే లక్నోలో మొక్కల శిలాజాల మీద పనిచేసే బీర్బల్ సాహ్ని సంస్థకి వెళ్లాలి. జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ కొండల్లో దొరికిన పెంటాక్సిలాన్ అనే అంతరించిన మొక్కని 1948లో ఒక కొత్త గుంపుగా నిలబెట్టిన బీర్బల్ సాహ్ని, 1949 ఏప్రిల్ 3న నెహ్రూ ఆ సంస్థకి శంకుస్థాపన చేసిన వారంలోనే చనిపోయారు. ఆ శంకుస్థాపన రాయిలోనే శిలాజాలు పొదిగారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు జేబులో లెన్స్ ఉన్నా తీయడానికి మొహమాటపడి దూరం నుంచే చూసి వచ్చేశాను. మీరు మాత్రం అడగండి, చూపిస్తారు, కాకపోతే వెళ్లే ముందు ఒక సంపెంగనైనా కోసి, మచ్చలు ఎలా ఉంటాయో చూసి వెళ్లండి.